‘నేను క్రైస్తవురాలిని’: రోమన్ విచారణ స్త్రీకి ఇచ్చిన చోటు, తర్వాత అది మూసుకుపోయిన తీరు

తెలుగు బైబిల్లో ‘హతసాక్షి’ అనే మాట ఉంది. కతోలిక వాడుకలో ‘వేదసాక్షి’ అంటారు. రెండు మాటల్లోనూ ఉన్నది సాక్షే. మూలమైన గ్రీకు మాట ‘మార్తుస్’ కూడా కోర్టు మాటే. రోమన్ చట్టంలో వీలునామాకు సాక్షిగా స్త్రీ పనికిరాదు. అలాంటి సమాజంలో రెండో శతాబ్దం నుంచి నాలుగో శతాబ్దం మొదటి ఏళ్ల దాకా బానిస స్త్రీలు, బాలింతలు, పెద్దింటి కోడళ్లు అధికారి ఎదుట నిలబడి ఒక్క వాక్యం చెప్పారు. ఆ వాక్యం కోసమే చనిపోయారు. చర్చి వాళ్లను సాక్షులని పిలిచింది.

ఈ విషయం మీద రెండు పొరపాటు అభిప్రాయాలు తరచుగా వినిపిస్తాయి. తొలి క్రైస్తవ సంఘంలో స్త్రీ పురుష భేదమే లేదని ఒకటి. ఈ స్త్రీల కథలన్నీ తర్వాతి కాలపు కల్పనలని రెండోది. దొరికిన పత్రాలను వరుసగా చదివితే ఈ రెండూ నిలవవు.

క్లుప్తంగా: స్త్రీకి సాక్షి స్థానం దక్కడానికి పెద్ద కారణం రోమన్ విచారణ పద్ధతే. ఆడా మగా తేడా లేకుండా అది అందరినీ ఒకే ప్రశ్న అడిగింది. శిక్ష దగ్గర మాత్రం స్త్రీని స్త్రీగానే అవమానించింది. చర్చి ఆ స్త్రీల ధైర్యాన్ని తలకెత్తుకుంది గానీ, ఎక్కువగా దాన్ని మగతనం పేరుతోనే వర్ణించింది, పదవిగా మారనివ్వలేదు. వేధింపు ఆగాక ఆ చోటు మూసుకుపోయింది.

ఒకే ప్రశ్న, మూడుసార్లు

మూడు శతాబ్దాలపాటు వేధింపు ఆగకుండా సాగిందనుకోవడం సరికాదు. 249 వరకు అది ఊరిని బట్టి, అక్కడి అధికారిని బట్టి, ఫిర్యాదును బట్టి వచ్చి పోయేది. పద్ధతి ఎలా ఉండేదో మనకు బాగా తెలిసేది 112 ప్రాంతంలో బిథునియ-పొంతు (నేటి టర్కీ ఉత్తర భాగం) పాలకుడు ప్లినీ చక్రవర్తి ట్రాజన్‌కు రాసిన లేఖ వల్ల. పట్టుబడ్డవాళ్లను ‘నువ్వు క్రైస్తవుడివా’ అని అడిగేవాడు. ఔనంటే, శిక్ష తప్పదని హెచ్చరిస్తూ రెండోసారి, మూడోసారి అడిగేవాడు. మూడుసార్లూ ఔనన్నవాళ్లకు మరణశిక్ష. రోమన్ పౌరులైతే రోముకు పంపడం. కాదన్నవాళ్లు దేవతలకు, చక్రవర్తి విగ్రహానికి ధూపం, ద్రాక్షారసం సమర్పించి, క్రీస్తును దూషిస్తే విడుదల. ట్రాజన్ ఈ పద్ధతిని ఒప్పుకున్నాడు. వాళ్లను వెతికి పట్టుకోవద్దన్నాడు, పేరులేని ఫిర్యాదులు తీసుకోవద్దన్నాడు.

ఇక్కడ నేరం చేసిన పని కాదు, మోసిన పేరు. కాబట్టి రుజువు నిందితుల నోట్లోనే ఉంది. భర్త చాటున, తండ్రి చాటున, యజమాని చాటున బతికే మనిషిని కూడా అధికారి పేరుపెట్టి పిలిచి అడగక తప్పలేదు. అన్ని వయసులవాళ్లు, అన్ని అంతస్తులవాళ్లు, ఆడా మగా చిక్కుకుంటున్నారని ప్లినీయే రాశాడు. నిజం రాబట్టాలని ఇద్దరు బానిస స్త్రీలను చిత్రహింస పెట్టించాడు. బానిస సాక్ష్యం హింస పెట్టి తీసుకుంటేనే చెల్లుతుందన్నది రోమన్ నియమం. ఆ ఇద్దరినీ సంఘంలో ‘మినిస్త్రే’ అంటారని లేఖలో ఉంది. పరిచారికలు అని అర్థం, గ్రీకులో డీకన్ అనే మాటకు సమానం. లోకం దృష్టిలో బానిసలు, సంఘంలో బాధ్యత ఉన్నవాళ్లు. వాళ్ల పేర్లు మాత్రం ప్లినీ రాయలేదు.

180 జూలై 17న ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్‌లో జరిగిన విచారణ రికార్డు ఇంకా సూటిగా ఉంటుంది. స్కిల్లియం అనే ఊరివాళ్లు 12 మంది, అందులో 5 గురు స్త్రీలు. ఆలోచించుకోవడానికి 30 రోజులు గడువిస్తానన్నాడు ప్రొకాన్సుల్, అంటే ఆ ప్రాంతపు రోమన్ పాలకుడు, సతుర్నినుస్. ‘సీజరుకు సీజరుగా గౌరవం, భయం మాత్రం దేవుడికే’ అంది దొనాతా. ‘నేను క్రైస్తవురాలిని’ అంది వెస్తియా. ‘నేను ఏదో, అదిగానే ఉండాలనుకుంటున్నాను’ అంది సెకుందా. అందరికీ తల నరికే శిక్షే పడింది. ఈ ముగ్గురివీ ఒక్కొక్క వాక్యమే. కానీ ప్రభుత్వ రికార్డు శైలిలో, పురుషుల మాటల పక్కనే, అదే కొలతలో నమోదయ్యాయి.

తండ్రి అధికారం, కూతురి సమాధానం

ఈ పద్ధతి ఇంటి కట్టుబాటుకు ఎక్కడ అడ్డం తగిలిందో పెర్పెతువ కథనం చూపిస్తుంది. కార్తేజ్‌లో 203 మార్చి 7న చనిపోయిందని సంప్రదాయం. వయసు 22 ప్రాంతం. మంచి కుటుంబం, చదువుకున్నది, పెళ్లయింది, చంటి కొడుకు. ఆమెతోపాటు రెవొకాతుస్, ఫెలిసితాస్, సతుర్నినుస్, సెకుందులుస్ అరెస్టయ్యారు. అందరూ ఇంకా జ్ఞానస్నానం పొందనివాళ్లు, అరెస్టయ్యాకే పొందారు. వాళ్లకు బోధించిన సతురుస్ తర్వాత తనంతట తానే లొంగిపోయాడు.

కథనంలో 21 అధ్యాయాలు ఉన్నాయి. మూడు నుంచి పది వరకు పెర్పెతువ జైల్లో స్వయంగా రాసుకున్నదిగా, పదకొండు నుంచి పదమూడు వరకు సతురుస్ రాసుకున్నదిగా కూర్పరి చెబుతాడు. మిగతాది కూర్పరి మాట. పెర్పెతువ భాగం నిజంగా ఆమెదేనా అన్నది పండితుల్లో చర్చే గానీ, ఎక్కువమంది ఔననే అంటారు. ఔనంటే, తొలి కాలపు క్రైస్తవ స్త్రీ ఒకరు సొంతంగా రాసి మన దాకా చేరిన అతి అరుదైన రాతల్లో అది ఒకటి.

ఆ ఎనిమిది అధ్యాయాల్లో భర్త ప్రస్తావనే లేదు. తండ్రి మాత్రం మళ్లీ మళ్లీ వస్తాడు. దీనికి కొంత వివరణ చట్టంలో ఉంది. అప్పటికి రోమన్ పెళ్లిళ్లలో ఎక్కువగా కూతురు భర్త అధికారం కిందికి వెళ్లేది కాదు. తండ్రి బతికున్నంతకాలం ఆమె మీద ‘పాత్రియా పొతెస్తాస్’, అంటే తండ్రి అధికారం, ఆయనదే. కాబట్టి నమ్మకం మార్చుకున్న కూతురు ధిక్కరించింది ముందుగా తండ్రినే. అయితే భర్త ఎందుకు లేడన్నదానికి ఇదొక్కటే జవాబు కాదు. పిల్లాడు తండ్రి తరఫువాళ్ల దగ్గర కాకుండా పెర్పెతువ పుట్టింట్లో ఎందుకున్నాడో కూడా దీనితో తేలదు.

మొదటి గొడవలో ఆమె ఒక పాత్రను చూపించి, దీన్ని ఇది కాని మరో పేరుతో పిలవగలమా అని అడుగుతుంది. పిలవలేం అంటాడు తండ్రి. ‘అలాగే నేనూ క్రైస్తవురాలిని తప్ప మరొకటని చెప్పుకోలేను’ అంటుంది. ఆయన కళ్లు పెరికేసేలా మీదికొచ్చి వెళ్లిపోతాడు. రెండోసారి వచ్చేసరికి అధికారం కరిగిపోయి బతిమాలడం మిగిలింది. నెరిసిన తల మీద జాలి చూపమంటాడు. కొడుకులందరికన్నా నిన్నే ఎక్కువగా చూశానంటాడు. నీకేమైనా అయితే మాలో ఎవరూ నలుగురిలో నోరెత్తలేం అంటాడు. చేతులు ముద్దాడి, కాళ్ల మీద పడి, కూతురని పిలవడం మానేసి ‘దొమినా’ అంటాడు, అంటే దొరసానీ అని. తండ్రి అధికారం తలకిందులైన క్షణాన్ని ఒక్క సంబోధనలో ఇంత స్పష్టంగా పట్టుకున్న పాత రాత దొరకడం కష్టం.

విచారణ రోజు విచారణాధికారి, ప్రొకురాతర్ హిలారియానుస్, ‘తండ్రి ముసలితనాన్ని చూడు, పసివాడిని చూడు, బలి ఇవ్వు’ అంటాడు. ఇవ్వనంటుంది. క్రైస్తవురాలివా అంటే ఔనంటుంది. అడ్డం పడబోయిన తండ్రిని కింద పడేసి బెత్తంతో కొట్టిస్తాడు. ఆ దెబ్బలు తనకే తగిలినట్టు బాధపడ్డానని ఆమె రాసుకుంది. ఇంటి పెద్ద పరువును కాపాడాల్సిన రాజ్యమే కూతురి ముందు ఆ పెద్దను కొట్టింది.

పాలు, లంచం, ఎనిమిదో నెల

జైలు చీకటి, ఉక్క, సైనికుల దోపిడీ గురించి పెర్పెతువ రాసింది. అన్నిటికన్నా ఎక్కువ బాధ పిల్లాడి గురించి. తెర్తియుస్, పొంపోనియుస్ అనే ఇద్దరు డీకన్లు లంచమిచ్చి ఖైదీలను కొన్ని గంటలు మంచి చోటికి మార్పించారు. ఆకలికి సోలిపోయిన పిల్లాడికి అక్కడ పాలిచ్చింది. తర్వాత పిల్లాడు తన దగ్గరే ఉండేలా అనుమతి దొరికింది. జైలు రాజభవనంలా అయిపోయింది అంటుంది. శిక్ష పడ్డాక తండ్రి పిల్లాడిని తిరిగి ఇవ్వలేదు. వాడు పాలు అడగలేదు, తన రొమ్ములు గడ్డకట్టి నొప్పి పెట్టలేదు, అది దేవుడి చిత్తం అని రాసింది. విశ్వాసం గురించి రాస్తూ రొమ్ము గడ్డకట్టడం గురించి కూడా రాయాలని తోచడం ఈ భాగం ఆమెదేననడానికి గట్టి ఆనవాలు.

ఫెలిసితాస్ ఇబ్బంది వేరు. ఆమె ఎనిమిది నెలల గర్భిణి. గర్భిణికి ప్రసవమయ్యేదాకా మరణశిక్ష వాయిదా వేయాలన్న నియమాన్ని ఆ కాలపు న్యాయవేత్త ఉల్పియానుస్ రాసిపెట్టాడు. తోటివాళ్లతో కాకుండా తర్వాత ఎప్పుడో నేరస్థుల మధ్య చావాల్సి వస్తుందని ఆమె దిగులు. అందరూ కలిసి ప్రార్థించాక, ఆటలకు ముందే నొప్పులు వచ్చాయి. ఇప్పుడే ఇలా మూలిగితే మృగాల ముందు ఏం చేస్తావని కాపలావాడు ఎత్తిపొడిచాడు. ‘ఇప్పుడు పడుతున్నది నేను పడుతున్నాను. అక్కడ నాలో ఇంకొకరు ఉండి నా కోసం పడతారు’ అంది. ఆడపిల్ల పుట్టింది. సంఘంలోని ఒక సోదరి పెంచుకుంది. బానిస కడుపున పుట్టిన బిడ్డ చట్టం ప్రకారం యజమాని ఆస్తి. ఆ బిడ్డ సంఘం చేతికి ఎలా వచ్చిందో కథనం చెప్పదు.

ఆ గర్భిణి నియమం కాగితం మీదే ఉండిపోలేదు. 304లో థెస్సలొనీకలో అగాపే, ఐరీన్, ఖియోనేలతో పట్టుబడిన యూతుఖియా కూడా గర్భిణే, భర్త చనిపోయి కొద్ది నెలలే. అధికారి దుల్కితియుస్ ఆమెను జైల్లో ఉంచమని ఆజ్ఞ ఇచ్చాడు.

ఒక సవరణ ఇక్కడ అవసరం. ఫెలిసితాస్ పెర్పెతువ బానిస అని చాలాచోట్ల కనిపిస్తుంది. మూలంలో అలా లేదు. రెవొకాతుస్‌కు ‘తోటి బానిస’ అని మాత్రమే ఉంది. రోములో ఏడుగురు కొడుకులతో చనిపోయిందని చెప్పే ఫెలిసితాస్ వేరే మనిషి.

శిక్షలో మాత్రం తేడా

ప్రశ్న అందరికీ ఒకటే అయినా, ఆటస్థలంలో ఆ సమానత్వం లేదు. అక్కడ శిక్ష ఒక ప్రదర్శన. దేవతల కథలను ఖైదీల శరీరాలతో ఆడించేవాళ్లు. కార్తేజ్‌లో పురుషులను సతుర్నుస్ పూజారుల వేషంలో, స్త్రీలను సెరెస్ పూజారిణుల వేషంలో దింపబోయారు. ఆ వేషం వేయకుండా ఉండటానికే ప్రాణాలిస్తున్నామని పెర్పెతువ ఎదురు తిరిగితే సైనికాధికారి ఒప్పుకున్నాడు. పురుషుల మీదికి చిరుత, ఎలుగుబంటి, అడవిపంది. స్త్రీల మీదికి ఆవు. మృగం కూడా ఆడదే అయి వాళ్లకు సరిపోలాలని అలా సిద్ధం చేశారని కూర్పరి రాశాడు. ఆటలకు ఆవును తేవడం మామూలు కాదని కూడా అన్నాడు.

ముందు ఇద్దరినీ బట్టలిప్పి వలలో చుట్టి తెచ్చారు. ఒకరు సుకుమారి, ఇంకొకరు అప్పుడే కని రొమ్ముల నుంచి పాలు కారుతున్న బాలింత అని చూసి జనమే జంకారు. వెనక్కి తీసుకెళ్లి వదులు బట్టలు వేసి తెచ్చారు. ఆవు కుమ్మి పడేశాక పెర్పెతువ చేసిన రెండు పనులు కథనంలో ఉన్నాయి: చిరిగిన వస్త్రాన్ని తొడ మీదికి లాక్కుంది, పిన్ను అడిగి చెదిరిన జుట్టు ముడి వేసుకుంది. విరబోసిన జుట్టు శోకానికి గుర్తు, తన విజయవేళ శోకంలో ఉన్నట్టు కనిపించకూడదని. ఈ వివరాన్ని ఎలా చదవాలన్నది తేలిక కాదు. సిగ్గు పడే మంచి రోమన్ ఇల్లాలిగా కూర్పరి ఆమెను తిరిగి గీస్తున్నాడనొచ్చు. జనం తనను ఎలా చూడాలో ఆమే నిర్ణయించిందని కూడా అనొచ్చు. చివర్లో చేయి వణుకుతున్న కొత్త గ్లాడియేటర్ కత్తిని తానే తన గొంతు మీదికి తెచ్చుకుందన్న వాక్యం రెండో మాట వైపు మొగ్గుతుంది.

స్త్రీని స్త్రీగా అవమానించడం మిగతా చోట్లా కనిపిస్తుంది. 304లో ఉత్తర ఆఫ్రికాలోని తెవెస్తేలో ప్రొకాన్సుల్ అనుల్లినుస్ క్రిస్పీనా అనే క్రైస్తవురాలి తల గొరిగించమన్నాడు. థెస్సలొనీకలో అగాపే, ఖియోనేలను కాల్చాక, గ్రంథాలు దాచినందుకు ఐరీన్‌ను బట్టలు లేకుండా వేశ్యాగృహంలో ఉంచమని, రోజుకు ఒక రొట్టె ఇవ్వమని దుల్కితియుస్ ఆజ్ఞ. ఎవరూ దగ్గరకు పోలేదని, తర్వాత ఆమెనూ కాల్చారని రికార్డు. ఈ శిక్ష అప్పటికి కొత్తది కాదు. వందేళ్ల ముందే కార్తేజ్ క్రైస్తవ రచయిత తెర్తుల్లియానుస్, క్రైస్తవ స్త్రీని సింహానికి బదులు తార్పుడుగాడికి అప్పగించడం గురించి రాశాడు. లాటిన్‌లో సింహానికి ‘లియో’, తార్పుడుగాడికి ‘లేనో’.

‘మగవాడినయ్యాను’

ఆటలకు ముందు రోజు పెర్పెతువకు ఒక కల. భయంకరమైన ఐగుప్తీయుడితో కుస్తీ. తోడువచ్చినవాళ్లు బట్టలు విప్పగానే ‘నేను మగవాడినయ్యాను’ అని రాసింది. ఒంటికి నూనె రాశారు, గెలిచింది. బహుమతి ఇచ్చేవాడు ఆమెను ‘కుమారీ’ అనే పిలిచాడు. పోరాడే శరీరం మగది, పిలుపు మాత్రం ఆడదే. అప్పటి లోకంలో శారీరక ధైర్యానికి ఉన్న పేరే మగతనం. లాటిన్ ‘విర్తూస్’లో ‘విర్’, అంటే మగవాడు, ఉన్నాడు. స్మిర్నా బిషప్ పొలుకార్పుకు పరలోకం నుంచి వినిపించిందని చెప్పే మాట కూడా ‘మగాడిలా నిలబడు’ అనే. ధైర్యం చెప్పడానికి భాషలో వేరే మాట లేనప్పుడు స్త్రీ సైతం ఉన్న మాటనే వాడుకుంది.

177లో ఇప్పటి ఫ్రాన్స్‌లోని లియోన్‌లో చనిపోయిన బ్లాందీనా గురించి అక్కడి సంఘం రాసిన లేఖ వేరే దారి పట్టింది. ఆమె బానిస. ఆమె యజమానురాలు కూడా ఖైదీల్లో ఉంది. ఒంట్లో బలం లేని ఈ మనిషి నిలబడగలదా అని ఆ యజమానురాలే భయపడింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వంతులు మారుతూ హింసించినవాళ్లే అలిసిపోయారు. కొయ్యకు కట్టినప్పుడు తోటివాళ్లు ఆ సోదరిలో సిలువ వేయబడినవాడిని చూశారని లేఖ అంటుంది. క్రీస్తు రూపం ఒక బానిస స్త్రీ ఒంటి మీద కనిపించడం చిన్న మాట కాదు. అదే లేఖ చివర్లో 15 ఏళ్ల పొంతికుస్‌ను ముందు పంపిన ఆమెను బిడ్డలను సాగనంపిన గొప్ప తల్లితో పోల్చింది. ఈ పోలికకు మగతనం అక్కర్లేకపోయింది.

బిషప్ మోకరిల్లిన కల

అధికారి ఎదుట విశ్వాసం ఒప్పుకుని జైల్లో ఉన్న ‘ఒప్పుకోలుదారు’కు సంఘంలో ప్రత్యేక అధికారం ఉండేది. విశ్వాసంలో తప్పిపోయినవాళ్లకు క్షమాపణ ఇప్పించమని జనం వాళ్ల దగ్గరకు వచ్చేవాళ్లు. సతురుస్ కలలో బిషప్ ఒప్తాతుస్, సంఘ పెద్ద అస్పాసియుస్ విడివిడిగా దిగాలుగా నిలబడి, తమను రాజీ చేయమని సతురుస్, పెర్పెతువల కాళ్ల మీద పడతారు. పెర్పెతువ వాళ్లతో గ్రీకులో మాట్లాడుతుంది. ఆమె బోధించలేదు, బాప్తిస్మమివ్వలేదు, పదవి లేదు. అయినా గొడవ తీర్చమని బిషప్ వేడుకున్నవాళ్లలో ఆమె ఒకరు.

అదే నగరంలో, దాదాపు అదే కాలంలో, తెర్తుల్లియానుస్ ఒకపక్క హతసాక్షులను పొగుడుతూనే, అపొస్తలుడు పౌలు శిష్యురాలిగా చెప్పే తెక్లా కథను చూపించి బోధించే, బాప్తిస్మమిచ్చే హక్కు అడిగే స్త్రీలను ఖండించాడు. ఆ కథ రాసింది ఆసియాలోని ఒక సంఘ పెద్ద అని, పదవి పోగొట్టుకున్నాడని గుర్తుచేశాడు. చావులో ఇచ్చిన గౌరవం బతికున్న స్త్రీకి పదవిగా మారకుండా గీసిన గీత ఇది.

250లో చక్రవర్తి దెకియుస్ ఆజ్ఞతో పద్ధతి మారింది. అందరూ బలి ఇచ్చి ధ్రువపత్రం తీసుకోవాలి. ఈజిప్టులో 40కి పైగా పత్రాలు పపైరస్ మీద దొరికాయి. ఎప్పుడూ దేవతలకు బలులు ఇస్తూనే ఉన్నానని, ఇప్పుడు మీ ఎదుట పానార్పణ చేసి, బలి ఇచ్చి, బలి మాంసం రుచి చూశానని, కింద సంతకం చేయమని వాటి నమూనా. స్త్రీలు సొంత పేరుతో ఇచ్చినవీ ఉన్నాయి. పెతెసూఖోస్ దేవుడి పూజారిణి ఔరేలియా అమ్మోనూస్ కూడా ఒకటి సమర్పించింది. అంటే ఇది క్రైస్తవులను మాత్రమే పట్టే వల కాదు. ఇంటి పెద్ద ఒక్కడే బలి ఇచ్చి భార్యాపిల్లలను తప్పించడం, లేదా వాళ్లనూ లాక్కెళ్లడం రెండూ జరిగాయని బిషప్ కిప్రియానుస్ లేఖల్లో ఉంది. బోనా అనే స్త్రీని భర్తే ఈడ్చుకెళ్లాడు. చేతులు పట్టుకుని బలి ఇప్పించారు. ‘నేను చేయలేదు, మీరు చేశారు’ అని ఆమె అరిచింది. అధికారులు ఆమెకు దేశబహిష్కారం విధించారు. ఒకే చేతి పని మీద ఎవరి సమ్మతి లెక్కలోకి వస్తుందన్న ప్రశ్న ఆ కేకలో ఉంది.

కథ చేతులు మారినప్పుడు

నాలుగో శతాబ్దంలో వేధింపు ఆగింది. అధికారి అడిగే ప్రశ్న లేదు, కాబట్టి స్త్రీ చెప్పే జవాబూ లేదు. మిగిలింది వార్షికోత్సవం, ప్రసంగం. 354 నాటి రోమన్ క్యాలెండర్‌లో మార్చి 7న పెర్పెతువ, ఫెలిసితాస్‌ల స్మరణ ఉంది. మాస్‌లో చదివే రోమన్ ప్రార్థనలో ఫెలిసితాస్, పెర్పెతువ, అగాథ, లూసీ, ఆగ్నెస్, సిసిలియా, అనస్తాసియాల పేర్లు ఇప్పటికీ వరుసగా వస్తాయి. తెలుగు కుటుంబాల్లో లూసీ, ఆగ్నెస్, సిసిలియా పేర్లు నిలిచాయి. పెర్పెతువ పేరు అంతగా నిలవలేదు. బిషప్ అగస్టీన్ మార్చి 7న చేసిన ప్రసంగాల్లో పెర్పెతువ, ఫెలిసితాస్ అనే ఇద్దరి పేర్లతో మాట ఆట ఆడాడు, ‘నిత్యమైన సంతోషం’ అని. బలహీన జాతి గెలిచిందన్నాడు. హవ్వను పడగొట్టిన పాముని ఇక్కడ స్త్రీ తొక్కిందన్నాడు. పొగడ్త పెద్దదే. కానీ బలహీనత ముందు ఒప్పుకుంటేనే ఆ పొగడ్త నిలుస్తుంది.

ఇంకా పెద్ద మార్పు ‘ఆక్తా’ అనే సంక్షిప్త కథనాల్లో జరిగింది. అక్కడ అధికారి స్త్రీలను పురుషుల నుంచి వేరు చేసి ప్రశ్నిస్తాడు. మూలంలో లేని భర్త అక్కడ పిల్లాడితో ప్రత్యక్షమవుతాడు. ఫెలిసితాస్‌ను కూడా భర్త ఉన్నాడా అని అడుగుతాడు. చదివేవాళ్లను ఇబ్బంది పెట్టిన ఖాళీలన్నీ పూడాయి. పెర్పెతువ ‘నేను’ అని రాసిన భాగం పోయింది. పూర్తి కథనం లాటిన్ ప్రతి మోంతె కస్సీనో మఠంలో దొరికి 1663లో అచ్చయింది. గ్రీకు ప్రతి 1889లో యెరూషలేములో బయటపడింది.

ఆ భాగం చివరి వాక్యం ఆమెదే. ఆటలకు ముందు రోజు వరకు జరిగింది రాశాను, ఆటలో జరగబోయేది రాయాలనుకున్నవాళ్లు రాయండి అని.